దేవతల పానీయం పువ్వులోకి ఎలా వచ్చింది?



పులుసు బాగా కుదిరిన రోజున ఇంటికొచ్చిన చుట్టాలు "అమృతంలా ఉందమ్మా" అంటారు. ఎండన పడి వచ్చిన పెద్దాయనకు చల్లని మజ్జిగ ఇస్తే "అమృతం పోశావు తల్లీ" అని దీవిస్తారు. అరటిపళ్ళలో అమృతపాణి ఉండనే ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో తలనొప్పి మందు తయారుచేసి దానికి అమృతాంజనం అని పేరు పెట్టారు. ఇలా మనం రోజుకు నాలుగుసార్లైనా ఈ మాట వాడుతూనే ఉంటాం. వాడుతున్నామని తెలియకుండానే వాడుతూ ఉంటాం.

సరిగ్గా ఇలాంటి మాటే పాశ్చాత్యులకూ ఒకటుంది. అది నెక్టార్. మీరూ చూసే ఉంటారు. బజారులో అమ్మే మామిడిరసం డబ్బాల మీద "నెక్టార్" అని ఉంటుంది. అది అచ్చంగా పండు పిండిన రసం కాదు సుమా. నీళ్ళూ చక్కెరా కలపడానికి వీలున్న రసానికి వ్యాపారంలో ఆ పేరు. అదే మాట పిల్లల వృక్షశాస్త్రం పుస్తకంలోనూ కనబడుతుంది. అక్కడ దాని అర్థం పువ్వు అడుగున ఊరే తియ్యని నీరు. మనం దాన్నే మకరందమంటాం, పూతేనె అంటాం.

ఒకప్పుడు అది గ్రీకు దేవతలు తాగే పానీయం పేరు. స్వర్గంలో ఉండవలసిన ఆ మాట పువ్వులోకి ఎలా దిగివచ్చింది? దిగివచ్చాక దానికి తన పాత అర్థం మిగిలిందా, పోయిందా? పెద్ద చదువులు చదవని నాలాంటిదాన్ని కూడా ఈ ప్రశ్న కొన్నాళ్ళు వదలలేదు. అందుకే ఇవాళ ఆ కథ మీకు చెబుతాను.

ముందు మాట సంగతి చూద్దాం. "నెక్" అంటే మరణం అని, "తర్" అంటే దాటడం అని భాషాపండితులలో చాలామంది విడదీసి చెప్పారు. గ్రీకులో శవాన్ని "నెక్రోస్" అంటారు. ఆ మొదటి ముక్క దానికి చుట్టం. ఇక రెండో ముక్క మనకు మరీ దగ్గరి బంధువు. సంస్కృతంలో "తరతి" అంటే దాటుతున్నాడని అర్థం. తరించడం, తరణం అన్న మాటల్లో ఉన్నది ఆ ధాతువే. రెండూ కలిపితే మృత్యువును దాటించేది అని అర్థం వచ్చింది. దీన్ని ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. ఈ మాట ఈజిప్టు దేశం నుంచి గ్రీకులకు వచ్చిందని కొందరి వాదం. ఐనా మొదటి అర్థానికే ఎక్కువమంది మొగ్గు చూపుతారు.

గ్రీకు దేవతలకు నెక్టార్ తాగే పానీయమైతే, అంబ్రోసియా తినే ఆహారం. ఈ రెండో మాటను కొంచెం నెమ్మదిగా పలికి చూడండి. అం-బ్రో-సి-యా. మన "అమృత" వినబడటం లేదూ? అ అంటే లేదు, మృత అంటే చావు. మనవైపు అమృతం, వాళ్ళవైపు అంబ్రోసియా. రెండూ ఒక తల్లి పిల్లలే. సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ చెప్పిన తరువాత ఇలాంటి చుట్టరికాలు ఎన్నో బయటపడ్డాయి. మన "మధువు" కూడా అంతే. గ్రీకులో "మెథు" అంటే సారాయం. ఇంగ్లీషులో తేనెతో కాచిన కల్లును "మీడ్" అంటారు. రష్యావాళ్ళకు తేనె పేరే "మ్యోద్". మధువును ఒంట్లోంచి పోగొట్టుకునే జబ్బు గనక మధుమేహం అన్నాం. ఐతే "తేనె" మాత్రం అచ్చంగా మన దక్షిణాది మాట. తమిళులు, మలయాళీలు "తేన్" అంటారు, కన్నడిగులు "జేను" అంటారు. మకరందం, మధువు, అమృతం మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి. తేనె మన పుట్టింటిది.

ఇక గ్రీకుల కథలకు వద్దాం. హోమర్ కవి ఇలియడ్‌లో దేవతలు కొలువుతీరి ఉండగా హీబీ అనే కన్య బంగారు గిన్నెలలో నెక్టార్ పోస్తుంది. అదే కావ్యంలో మరోచోట ఒక విచిత్రమైన సంఘటన ఉంది. పట్రోక్లస్ అనే వీరుడు యుద్ధంలో చనిపోతాడు. అతని శరీరం కుళ్ళిపోకుండా థెటిస్ అనే దేవత ముక్కుపుటాల ద్వారా అంబ్రోసియానూ ఎర్రని నెక్టార్‌నూ లోపలికి పోస్తుంది. అంటే దేవతల పానీయం చచ్చినవాణ్ణి బతికించలేదుగాని, చావు చేసే పాడును ఆపింది.

ఒడిస్సీలో ఇంకో ఘట్టం ఉంది. ఇది మన ఆడవాళ్ళు గుర్తుపెట్టుకోవలసినది. కాలిప్సో అనే దేవకన్య తన ద్వీపంలో ఒడిసియస్‌ను ఏళ్ళ తరబడి ఉంచేసుకుంటుంది. భోజనానికి కూర్చుంటే ఆవిడ ముందు అంబ్రోసియా, నెక్టార్ పెడతారు. అతని ముందు మామూలు మనుషులు తినే తిండి పెడతారు. నాతో ఉండిపో, నిన్ను చావులేనివాణ్ణి చేస్తానంటుంది ఆవిడ. అతను వద్దంటాడు. నా భార్య నీ అంత అందగత్తె కాదు, ఆమెకు ముసలితనం వస్తుంది, చావూ వస్తుంది, ఐనా నాకు మా ఇల్లే కావాలంటాడు. చేతికందే దూరంలో ఉన్న అమరత్వం కన్నా ఇంటిని పెద్దదిగా చూసిన మనిషి కథ కాబట్టే ఇన్ని వేల ఏళ్ళు నిలిచింది కాబోలు.

మరి మన అమృతం? పాలసముద్రం చిలికిన కథ మీకు చెప్పనక్కర్లేదు. మందరగిరి కవ్వం, వాసుకి తాడు, మోహిని వడ్డన, వరుసలో దొంగగా కూర్చున్న రాహువు, అన్నీ మనకు చిన్నప్పటినుంచీ వచ్చినవే. అంతగా చెప్పుకోని కథ ఇంకొకటి ఆదిపర్వంలో ఉంది. అది గరుత్మంతుడిది. తల్లి వినత పందెంలో ఓడి సవతి కద్రువకు దాసి అయింది. ఆ దాస్యం పోవాలంటే అమృతం తెచ్చి ఇమ్మన్నారు కద్రువ పిల్లలైన పాములు. గరుత్మంతుడు దేవతలతో పోరాడి అమృతభాండం ఎత్తుకొచ్చాడు. దారి పొడుగునా అది అతని చేతిలోనే ఉంది. ఒక్క చుక్కైనా నోట్లో వేసుకోలేదు. ఆ నిగ్రహానికి మెచ్చి విష్ణువు వరమడగమంటే, అమృతం తాగకుండానే అమరత్వం పొందాడు. భాండాన్ని దర్భల మీద పెట్టి తల్లిని విడిపించుకున్నాడు. పాములు స్నానం చేసి వచ్చేసరికి ఇంద్రుడు దాన్ని ఎత్తుకుపోయాడు. ఆశకొద్దీ దర్భలు నాకిన పాములకు నాలుకలు చీలాయి, అంతే మిగిలింది. తాగాలనుకున్నవాళ్ళకు దక్కలేదు, మోసుకొచ్చి ఇచ్చినవాడికి దక్కింది. ఈ సంగతి కాస్త మనసులో ఉంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇంతకీ ఈ స్వర్గపు మాట పువ్వులోకి ఎలా వచ్చింది? పూర్వం తేనె ఎక్కడినుంచి వస్తుందో పాశ్చాత్య పండితులకు సరిగా తెలియదు. తేనె ఆకాశంనుంచి మంచులాగా రాలుతుందని, నక్షత్రాలు ఉదయించే వేళల్లోనూ ఇంద్రధనుస్సు దిగినప్పుడూ బాగా పడుతుందని అరిస్టాటిల్ రాశాడు. అది ఆకాశపు చెమటో, నక్షత్రాల ఉమ్మో అని రోములో ప్లినీ సందేహపడ్డాడు. పైనుంచి పడేదైతే దేవతలదే అవుతుందిగదా! అంచేత రోమన్ కవి వర్జిల్ తేనెటీగల గురించి రాస్తూ అవి గదులనిండా నెక్టార్ నింపుకుంటాయన్నాడు. కవులు అలా వాడగా వాడగా ఆ మాట మెల్లగా భూమ్మీదికి దిగింది. పదిహేడో శతాబ్దం నాటికి ఇంగ్లీషులో పువ్వులోని తీపినీటికి కూడా ఆ పేరు వచ్చింది. మొక్కలన్నిటికీ పేర్లు పెట్టిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పద్ధెనిమిదో శతాబ్దంలో, పువ్వులో ఆ నీరు ఊరే చోటుకు "నెక్టారియం" అని పేరుపెట్టి శాస్త్రంలో స్థిరం చేశాడు. మనవాళ్ళు మాత్రం ముందునుంచీ పువ్వులో ఉన్నదాన్ని మకరందమనీ, పట్టులో ఉన్నదాన్ని మధువనీ వేరుచేసి చెప్పుకునే వీలుంచుకున్నారు. ఇది మనం కొంచెం గర్వపడదగ్గ విషయమే.

పేరైతే పెట్టారుగాని, పువ్వు ఆ తీపి ఎందుకు తయారుచేస్తుందో లిన్నేయస్‌కూ తెలియదు. గింజలు ఎదగడానికి ఆహారమని కొందరు, మొక్క బయటికి పారేసే చెత్త అని కొందరు అనుకున్నారు. జర్మనీలో కోల్‌రాయిటర్ అనే ఆయన నారింజపూలనుంచి ఓపికగా ఆ నీటిని పోగుచేసి, ఆరబెట్టి, తేనె దానినుంచే వస్తుందని చూపించాడు. చాలా పువ్వులు కాయ కట్టాలంటే పురుగులు వచ్చి పుప్పొడి చేర్చాలని 1761లో ఆయనే అచ్చువేశాడు.

ఆయన తరువాత వచ్చినవాడు క్రిస్టియన్ కోన్రాడ్ స్ప్రెంగెల్. బెర్లిన్ దగ్గర స్పాండౌ అనే ఊళ్ళో బడిపంతులు. 1787 వేసవిలో ఒక అడవి పువ్వును పరిశీలిస్తుంటే రేకుల మొదట్లో మెత్తని నూగు కనబడింది. ఇది ఎందుకున్నదా అని ఆలోచించాడు. నూగు కింద మకరందపు చుక్కలున్నాయి. నుదుటి మీది చెమట కంట్లో పడకుండా కనుబొమలు ఆపినట్టు, వానచినుకు మకరందంలో కలవకుండా ఆ నూగు ఆపుతోందని గ్రహించాడు. మరి ఇంత జాగ్రత్తగా దాచిపెట్టింది ఎవరికోసం? వచ్చే పురుగు కోసం. మరుసటేడు ఇంకో పువ్వులో గొంతు చుట్టూ పసుపుపచ్చ వలయం చూసి, అది పురుగుకు దారిచూపే గుర్తు అన్నాడు. మనం గుమ్మం ముందు ముగ్గు పెట్టినట్టన్నమాట! రంగు, వాసన, గీతలు, నూగు అన్నీ అతిథికోసమే. మకరందం ఆ అతిథికిచ్చే కూలి. పుప్పొడి మోసినందుకు కూలి.

1793లో ఇదంతా పుస్తకంగా వేశాడు. దాన్ని మెచ్చుకున్నవాళ్ళు తక్కువ. మహాకవి గోథే కూడా ఆ ఆలోచనను ఒప్పుకోలేదు. పువ్వుల ధ్యాసలో పడి బడిపని సరిగా చూడటం లేదని తగవులు వచ్చి, ఆ మరుసటేడు ఉద్యోగం నుంచి పింఛను మీద పంపేశారు. రెండో సంపుటం వెలువడనే లేదు. 1816లో బెర్లిన్‌లో పోయాడు. పాతికేళ్ళ తరువాత, 1841లో ఆ పుస్తకం చార్లెస్ డార్విన్ చేతిలో పడింది. ఇది నిధి అని ఆయన గుర్తించిన తరువాతగాని లోకానికి స్ప్రెంగెల్ విలువ తెలియలేదు.

డార్విన్ తానూ ఒక ముచ్చట చేశాడు. 1862లో ఆయనకు మడగాస్కర్ దీవినుంచి ఒక తెల్లని ఆర్కిడ్ పువ్వు వచ్చింది. దాని వెనక తోకలాగా సన్నని గొట్టం, పొడవు సుమారు 11 అంగుళాలన్నర. మకరందం మాత్రం ఆ గొట్టం అట్టడుగున ఎక్కడో ఉంది. ఇది ఎవరు తాగగలరు? అంత పొడుగు నాలుక ఉన్న రెక్కలపురుగు మడగాస్కర్‌లో ఉండి తీరాలి అన్నాడు డార్విన్. కొందరు నవ్వారు. 1882లో డార్విన్ చనిపోయాడు. 1903లో ఆ దీవిలో సరిగ్గా అలాంటి పొడుగు నాలుక గల రెక్కలపురుగును శాస్త్రజ్ఞులు వర్ణించి, ముందే చెప్పబడినది అనే అర్థం వచ్చేటట్టు దానికి పేరు పెట్టారు. కూలి కనబడింది గనక కూలివాడు ఉండే ఉంటాడన్న లెక్క తప్పలేదు.

మడగాస్కర్ దాకా వెళ్ళనక్కర్లేదు, మన పెరట్లోనే చూడండి. నూరువరహాల పువ్వు కోసి, మధ్యనున్న సన్నని పోగు లాగి చివర చప్పరించని ఆడపిల్ల ఉందా? నాలుకకు తగిలిన ఆ రవ్వంత తీపి మకరందమే. ఆ పువ్వు గొట్టం సన్నం, పొడుగు. అది సీతాకోకచిలుక తొండానికి కొలిచి కుట్టిన జాకెట్టు. అరటిపువ్వు కూరకు బాగుచేసేటప్పుడు చేతికి జిగటగా అంటేదాంట్లో చెట్టుపాలతోపాటు పువ్వులోని తీపీ ఉంటుంది. అందుకోసమే తేనెపిట్టలు పగలూ, గబ్బిలాలు రాత్రీ అరటిగెల దగ్గర తిరుగుతాయి. గుమ్మడిపువ్వు తెల్లవారుతూ విచ్చుకుంటుంది. బీరపువ్వు సాయంత్రం దీపాలు పెట్టే వేళకు విచ్చుకుంటుంది. ఎవరి అతిథులు వచ్చే వేళకు వాళ్ళు తలుపు తీస్తారు.

మేడమీద తొట్టెల్లో గుమ్మడి, బీర పెంచే చెల్లెళ్ళు "పిందెలు పడుతున్నాయి, పసుపెక్కి రాలిపోతున్నాయి" అని బాధపడుతుంటారు. ఎరువు చాలక కాబోలనుకుంటారు. అనేకసార్లు కారణం అది కాదు. ఈ తీగల్లో మగపూలు వేరు, ఆడపూలు వేరు. ఈగ వచ్చి మగపువ్వునుంచి ఆడపువ్వుకు పుప్పొడి చేర్చకపోతే పిందె నిలవదు. ఈగలు రాని మేడమీద మీరే మగపువ్వు కోసి, రేకులు తీసేసి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దితే కాయ నిలుస్తుంది. ఈగ చేసే పని ఎంత పెద్దదో అది మనం చేసినప్పుడు తెలుస్తుంది. లోకంలో ముఖ్యమైన ఆహారపు పంటల్లో సుమారు నాలుగింట మూడు రకాలు ఎంతోకొంత ఇలాంటి జీవాలమీద ఆధారపడ్డవేనని లెక్కగట్టారు.

మొక్కకు ఈ కూలి ఊరికే రాదు. ఆకు ఎండలో వండుకున్న చక్కెరలోంచి ఒక వాటా తీసి పువ్వు అడుగుకు పంపాలి. మకరందంలో ఉండేది ముఖ్యంగా నీళ్ళూ మూడు రకాల చక్కెరలూను. తేనెటీగ దాన్ని కడుపులోని ఒక సంచిలో మోసుకుపోయి, పట్టులో మరో ఈగ నోటికి అందిస్తుంది. నోటినుంచి నోటికి మారుతూ అందులో చక్కెర స్వభావం మారుతుంది. రెక్కలతో విసిరి విసిరి నీరు ఆరబెడతాయి. చివరకు వందకు ఇరవై పాళ్ళకన్నా తక్కువ నీరున్నప్పుడు మైనంతో మూత వేస్తాయి. మనం ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టే! పని జోరుగా ఉన్న కాలంలో ఒక ఈగ బతికేది సుమారు ఆరు వారాలు. తన జీవితమంతా కష్టపడితే చిన్న చెంచాలో పన్నెండో వంతు తేనె చేస్తుందట. అంటే మనం రొట్టెమీద రాసుకునే ఒక చెంచాడు పన్నెండు ఈగల బతుకు.

దొంగలు మాత్రం లేరనుకున్నారా? తుమ్మెదలు కొన్ని పొడుగు గొట్టపు పూల ముందునుంచి రాకుండా, అడుగున రంధ్రం చేసి మకరందం పీల్చుకుపోతాయి. పుప్పొడి మోయవు. వీళ్ళు పూలలోకం రాహువులు. వీళ్ళ సంగతీ స్ప్రెంగెల్ అప్పుడే రాశాడు. మకరందం లేకుండానే రంగూ హంగూ చూపి పని చేయించుకునే పువ్వులూ కొన్ని ఉన్నాయని ఆయనే చెప్పాడు. వీటినేమో మోహినులు అనాలి. పూలలోనే కాదు, ఆకుల్లోనూ మకరందం ఉంటుంది. పత్తి ఆకు వెనక ఈనెమీద, ఆముదపు ఆకు కాడమీద చిన్న తీపి ఊటలుంటాయి. అవి చీమలకు. తీపికి వచ్చిన చీమలు ఆకు తినే పురుగులను తరిమికొడతాయి. వీధి చివర గూర్ఖాకు నెలకింత ఇచ్చినట్టు!

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రండి. మృత్యువును దాటించేది అన్న అర్థం పువ్వులోని చుక్కకు సరిపోయిందా? మకరందం తాగిన ఈగ ఆరు వారాలకు పోతుంది. సీతాకోకచిలుకా పోతుంది. తాగినవారెవరూ చావును దాటలేదు. మరి దాటింది ఎవరు? ఇచ్చిన మొక్క. పూచిన పువ్వు సాయంత్రానికి వాడిపోతుంది, కాని ఆ తీపి చుక్క ఇచ్చి పుప్పొడి అందుకుంది గనక గింజై, మళ్ళీ మొలకై, వంశం నిలుపుకుంటుంది. కథల్లో అమృతం తాగినవాడు అమరుడవుతాడు. ప్రకృతిలో అమృతం పోసినవాడు అమరుడవుతాడు. తాగకుండా మోసుకొచ్చిన గరుత్మంతుడి కథ మళ్ళీ పనికొస్తుందన్నాను చూశారా, ఇందుకే.

ఐతే అమృతం ఉన్నచోటే విషమూ ఉంటుందని పాలసముద్రం కథే చెబుతోంది. క్రీస్తుపూర్వం 401లో యుద్ధానికి బయలుదేరిన గ్రీకు సైన్యమొకటి తిరుగుదారిలో నల్లసముద్రపు ఒడ్డున ట్రెబిజాండ్ దగ్గర కొండతేనె తిన్నదని, తిన్నవాళ్ళు మతిపోయి, వాంతులై, నిలబడలేక పడిపోయారని, కొద్ది రోజుల్లో తేరుకున్నారని ఆ సైన్యంతో ఉన్న జెనొఫన్ రాశాడు. అక్కడ పూసే రోడోడెండ్రాన్ పూల మకరందంలోనే విషముంది.

అది చెట్టు పెట్టిన విషం. ఈ కాలంలో మనం పెట్టే విషం ఇంకొకటుంది. గింజకు పట్టించినా, వేరుకు పోసినా మొక్కంతా పాకిపోయే పురుగుమందులు కొన్ని మకరందంలోకి కూడా చేరుతాయి. ఇమిడాక్లోప్రిడ్ అలాంటిది. తేనెటీగలకు హాని అని అలాంటి మందులు మూడింటిని ఐరోపా దేశాల కూటమి 2018లో ఆరుబయట పొలాల్లో వాడకూడదని నిషేధించింది. పొలాల సంగతి మన చేతిలో లేకపోయినా, మన కుండీలు మన చేతిలోవేకదా. పూలు విచ్చుకుని ఈగలు తిరిగే వేళ మందు కొట్టకండి. చేత్తో ఏరేయగలిగిన పురుగును ఏరేయండి. మృత్యువును దాటించే దాన్ని మృత్యువుగా మార్చే పాపం మనకెందుకు?

ఇంకొక్క మాట, ఇది ముఖ్యమైనది. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే ఆచారం మనలో ఇప్పటికీ చాలా ఇళ్ళలో ఉంది. అమృతమని ప్రేమతోనే రాస్తారు, నాయనమ్మలను తప్పుపట్టే పని లేదు. కాని తేనెలో ఒకోసారి బొట్యులినం అనే సూక్ష్మజీవి విత్తనాలుంటాయి. పెద్దవాళ్ళ పేగుల్లో అవి ఏమీ చేయలేవు. పసిబిడ్డ పేగుల్లో మొలిచి విషం పుట్టిస్తాయి. బిడ్డ పాలు చీకలేక, మెడ నిలవక, ఒళ్ళు వేలాడిపోతుంది. ఈ జబ్బును 1976లో అమెరికాలో గుర్తించారు. కాచినంతమాత్రాన ఆ విత్తనాలు చావవు. అంచేత ఏడాది నిండేవరకు బిడ్డకు తేనె చుక్కైనా వద్దని వైద్యులు చెబుతారు. ఇంట్లో పెద్దవాళ్ళు పట్టుబడితే ఆ తేనె బిడ్డ నాలుకకు బదులు తల్లి నాలుకకు రాయమనండి. శాస్త్రమూ దక్కుతుంది, బిడ్డా దక్కుతుంది.

బిడ్డకు కావలసిన అమృతం వేరే ఉండనే ఉంది. కాన్పు కాగానే వచ్చే చిక్కని పసుపురంగు పాలు, ముర్రుపాలు. వెనకటి రోజుల్లో అవి మంచివి కావని పిండి పారబోసి, వాటికి మారుగా తేనె నాకించేవారు. జబ్బులను ఎదిరించే శక్తి బిడ్డకు ఇచ్చేది ఆ పాలే. మీ ఇంట్లో, పక్కింట్లో పురుడు వస్తే ఈ రెండు మాటలూ చెప్పడం మరచిపోకండి. తేనె ఏడాది తరువాత, ముర్రుపాలు మొదటి గంటలోనే.

తన ఒంట్లోంచి తీసి ఇచ్చి, ఆ ఇవ్వడంవల్లనే వంశాన్ని నిలుపుకోవడం పువ్వు చేసే పని. మనకది కొత్త పనేమీ కాదు.